ఎంత్రొ, ఎంత్రో

నమోదు 1
ఎలీదా గొంతుకు ఇంకా ఇరవై రెండు రోజులు

ఈ రోజు నుంచి గుమ్మం పుస్తకం నేను రాయాలట. పుస్తకం చేతిలో పెడుతూ గురయ్య, "జరిగింది జరిగినట్టు రాయాల టీచరమ్మా, కవిత్వాలు ఒద్దు" అన్నాడు. గురయ్య అడుగూరుకు పెద్ద. నేను కవిత్వం ఎప్పుడు రాశానో ఆయనకే తెలియాలి.

రాస్తున్నది సూరాడ పోలమ్మ, వయసు యాభై మూడు. పైన నేల మీద ఉన్నప్పుడు ఇరవై రెండేళ్ళు తొమ్మిదో తరగతికి తెలుగు చెప్పాను. మా ఊరు సముద్రంలోకి పోయింది కాబట్టి మేమూ సముద్రంలోకే వచ్చాం. నలభై బారల లోతున ఈ అడుగూరులో నలభై ఒక్క మందిమి ఉంటున్నాం. ఇన్నాళ్ళూ వంటశాలలో నాచు ఆరబెట్టడం నా పని.

ఉదయం చేసినవి: కిటికీ గాజు మీద పాచి గీకాను. నీళ్ళలోకి వెళ్ళేవాళ్ళ టోపీలు తొమ్మిది కడిగి బోర్లించాను. అందులో ఒక్కటి ఉల్లిపాయ కంపు కొట్టింది. అది ఎల్లాజీది. ఎల్లాజీ నా భర్త, బయట నాచు మడుల్లో పనిచేసే తొమ్మిది మందిలో అందరికంటే పెద్దవాడు, అందరికంటే మొండివాడు.

గుమ్మం అంటే ఒక గది. దానికి లోపలి వైపు ఒక తలుపు, సముద్రం వైపు ఒక తలుపు. రెంటినీ కదిలించేది ఒకే యంత్రం. తుని కొండల్లోని తల్లి పేరు తెచ్చి మేము దాన్ని తలుపులమ్మ అంటాం, ఆ తల్లి క్షమించాలి. తలుపులమ్మకు బొత్తాలు లేవు, ఉప్పునీరు తినేస్తుందని పెట్టలేదట. కళ్ళు కూడా లేవు, బురదనీళ్ళలో పనికిరావట. ఉన్నది చెవి ఒక్కటే. మనిషి స్పానిష్‌లో ఒక క్రియాపదం చెప్తే కదులుతుంది, ఆ క్రియను బట్టే ఎవరు లోపల ఉన్నారో ఎవరు బయట ఉన్నారో లెక్క పెట్టుకుంటుంది. కట్టిన చిలీ కంపెనీ ఎప్పుడో మూతపడింది. ఆ చెవికి తెలుగు నేర్పే తాళం వాళ్ళతోనే పోయింది.

కట్టినవాళ్ళలో ఇక్కడే ఉండిపోయిన ఒకే ఒక మనిషి ఎలీదా. అరవై ఎనిమిదేళ్ళు. పన్నెండేళ్ళుగా మా మధ్య ఉండి మా యాస మాకంటే బాగా మాట్లాడుతుంది. ఇన్నాళ్ళూ బయటికి వెళ్ళేవాళ్ళ తరఫునా, లోపల కూర్చున్న మనిషి తరఫునా మాటలన్నీ ఆవిడే పలికేది. ఒకే గొంతు రెండు చోట్ల పనిచెయ్యడం కట్టినప్పుడే ఆవిడకు ఇచ్చిన మినహాయింపు. ఇంకెవరికీ లేదు. మా మీద ప్రేమకొద్దీ అంతా తనే పలికి, మాకు ఏమీ నేర్పలేదు. ఇప్పుడు ఆవిడ గొంతులో గడ్డ. ఇరవై రెండో రోజున పైనుంచి లిఫ్టు దిగుతుంది. పైన ఆసుపత్రిలో స్వరపేటిక తీసేస్తారు.

తరవాత తలుపులమ్మతో మాట్లాడేవాళ్ళు కావాలి. లేకపోతే మడులకు వెళ్ళలేం, మడులు లేకపోతే తిండి లేదు, అడుగూరు ఖాళీ చెయ్యాలి. ఖాళీ చేసి వెళ్ళడానికి మాకు పైన ఊరు లేదు.

నమోదు 2
ఇంకా ఇరవై ఒక్క రోజులు

మొదటి పాఠం. భోజనాల బల్ల మీద ఎలీదా, నేను, ఎల్లాజీ. ఆవిడ చెప్పింది ఇది.

"బయటున్నోడు గుమ్మం కాడికొచ్చి 'ఎంత్రొ' అనాల. నాను వస్తన్నాను అని. అప్పుడు ఒక రెక్క తెరుస్తాది, ఒక మనిషి దాటగానే మూసుకుంటాది. లోపల కూకున్న మనిషి అప్పుడు 'ఎంత్రో' అనాల. ఆయన వచ్చీసినాడు అని. అప్పుడు నీళ్ళు తోడేస్తాది. అంతే."

"రెండూ ఒకటే గదేటి?" అన్నాడు ఎల్లాజీ.

"నీకు ఒకటే. తలుపులమ్మకి కాదు."

నాకు నవ్వొచ్చింది. ఒత్వానికీ ఓత్వానికీ తేడా తెలియని పిల్లలను ఎంతమందిని చూడలేదు. ఇది నాకు నల్లేరు మీద బండి నడక అనుకున్నాను. సాధన చెయ్యడానికి ఒక పెట్టె ఉంది. మనం పలికితే దానికి ఏం అర్థమైందో బొమ్మ పడుతుంది, మనిషి తలుపు బయట ఉన్నట్టో, లోపల ఉన్నట్టో. నేను గొంతు సవరించుకుని "ఎంత్రో" అన్నాను. బయట ఉన్న బొమ్మ పడింది. మళ్ళీ అన్నాను. మళ్ళీ అదే. పదకొండుసార్లు అన్నాను. ఎల్లాజీ లేచి వెళ్ళి టీ పెట్టుకొచ్చాడు.

తప్పు ఎక్కడుందో ఎలీదా బల్ల మీద మెటికలతో కొట్టి చూపించింది. నేను రెండు దెబ్బలూ సమానంగా గట్టిగా కొడుతున్నాను. ఆవిడ మొదటిది తాకీ తాకనట్టు తాకి రెండోది కొట్టింది.

నాకు ఒళ్ళు మండింది. సున్నా ఉన్న అక్షరం గురువు. సంయుక్తాక్షరానికి ముందున్నది గురువు. ఇక్కడ రెండూ ఉన్నాయి. 'ఎం' గురువు కాకుండా పోవడానికి దారే లేదు. ఇరవై రెండేళ్ళు నేను పిల్లల చెవులు మెలిపెట్టి నేర్పింది ఇదే. ఆ మాటే చెప్పాను.

ఎలీదా చివరిదాకా విని, "మీ మాటలో ఎంతమందైనా బరువు మోయొచ్చు. మా మాటలో మోసేవోడు ఒక్కడే. మిగతావోళ్ళు చేతులూపుకుంటా రావాల" అంది.

పడుకున్నాక కూడా ఆ మాట నన్ను వదల్లేదు. ఒక మాటకు ఒకే బరువు. వాళ్ళు మాట్లాడే ప్రతి మాటలో, పెళ్ళిలోనూ తగువులోనూ, ఎవరో ఒక్క అక్షరం ఎత్తుకుని నడుస్తూ ఉంటుంది.

నమోదు 5
ఇంకా పద్దెనిమిది రోజులు

ఆరు కేజీల నాచు ఆరబెట్టాను. మంచినీటి వడపోత మార్చాను. పెట్టె దగ్గర ఇరవైసార్లకు తొమ్మిదిసార్లు సరిగ్గా వచ్చింది. 'ఎం'ను నోట్లో పెట్టుకోకుండా ముక్కుతోనే దాటించేస్తే వస్తోంది.

ఈ రోజు ఒక వింత చూశాను. మాటను ఎక్కడ విరవాలో ఎలీదా చెప్తోంది. 'మాట్లాడతాను' అనడానికి వాళ్ళ మాట ఆబ్లొ. 'మాట్లాడాడు' అంటే అబ్లో. ఆవిడ దాన్ని అ, బ్లో అని విరిచింది. అబ్, లో అని విరుస్తుందనుకున్నాను. నా పలక తీసి రాసి చూపించాను. అ, పక్కన బ్లో. బకారం కింద లకారపు ఒత్తు, పైన ఓత్వం. మా పలక మీదా అదే చోట విరిగింది.

ఎలీదా పలక దగ్గరికి లాక్కుంది. "ఇది ఒక్క అచ్చరమేటి?" అని అడిగింది. అవునన్నాను. "ఎవరు సెప్పినారు మీకు?"

ఎవరు చెప్తారు. ఎక్కడో భూమి అవతలి అంచున ఎవరో గుంపుగా మాట్లాడుకుంటూ బకారాన్నీ లకారాన్నీ విడదీయకుండా ఒకే ఊపిరిలో అనేశారు. మన వాళ్ళెవరో తాటాకు మీద వాటిని ఒకదాని కింద ఒకటి చెక్కారు. ఒకరి ముఖం ఒకరు చూసింది లేదు.

అన్నిచోట్లా కలవదు. 'బయటికి వెళ్తున్నాను' అనే సాల్గొను మేము సా, ల్గొ అని రాస్తాం. వాళ్ళు సాల్, గొ అని విరుస్తారు. వెనక రకారమో లకారమో నిలబడితేనే చాలామట్టుకు జంట కలిసి ఉంటుంది, లేకపోతే ముందున్న హల్లు పుట్టింటికే వెళ్ళిపోతుంది. పైగా ఆ మాటకు మూలం సలీర్. అందులో గకారమే లేదు. 'నేను' అనేసరికి ఎక్కడినుంచో ఊడిపడింది. ఎందుకని అడిగాను.

"నాను అనడానికి కొంత బలం కావాల గదా" అంది ఎలీదా. ఇది వ్యాకరణమో వేళాకోళమో తెలియలేదు. రాసిపెట్టుకున్నాను.

బదులుగా నేను ఆవిడకు తెలుగు అక్షరాలు నేర్పుతున్నాను. గొంతు పోయాక పలక మీద రాయాలి కదా. పొట్టి ఒకారం, పొడుగు ఓకారం పక్కపక్కన రాసి చూపిస్తే వేలితో తడిమి, "మీ రాతలో బరువు కంటికి కనిపిస్తాది" అంది. అప్పటిదాకా నేను దాన్ని అలా చూడలేదు.

నమోదు 9
ఇంకా పద్నాలుగు రోజులు

మడుల్లో ఆలుచిప్పలు పెరిగి తాళ్ళు బరువెక్కాయట. ఎల్లాజీ, ఇంకా నలుగురు వెళ్ళి కోసి వచ్చారు. మాటలు ఎలీదావే. గొంతు బొంగురుపోయింది. 'ఎంత్రో'లో చివర కీచుమంది, తలుపులమ్మ ఒక్క క్షణం ఆలోచించి పంపు వేసింది. ఆ ఒక్క క్షణంలో గురయ్య ముఖం పాలిపోవడం చూశాను.

మధ్యాహ్నం పాఠంలో చూసింది ఎలా రాయాలో తెలియడం లేదు. గురయ్య కవిత్వం వద్దన్నాడు. జరిగింది జరిగినట్టే రాస్తాను.

'చేయగలగడం' అనడానికి వాళ్ళ మాట పొదేర్. బరువు చివర ఉంది, మొదటి పొ హాయిగా ఉంది. 'నేను చేయగలను' అంటే బరువు వచ్చి మొదటి అక్షరం మీద పడుతుంది. పడగానే ఆ ఒకారం నిలవలేక రెండుగా చీలిపోతుంది. ప్వేదొ. నువ్వు అంటే ప్వేదెస్. ఆయన అంటే ప్వేదె. వాళ్ళు అంటే ప్వేదెన్. అన్నిట్లోనూ చీలింది. 'మేము' అంటే మాత్రం పొదేమొస్. బరువు పక్కకు తప్పుకుంది, పొ చెక్కుచెదరలేదు.

'నిద్రపోవడం' చూశాం, అదీ అంతే. 'మూయడం' చూశాం, అదీ అంతే. సెర్రార్ అనే మాటలో ఎకారం ఉంది. 'నేను మూస్తాను' అనగానే సియేర్రొ అయింది. 'మేము మూస్తాం' అనగానే సెర్రామొస్, మళ్ళీ ఒక్కటైంది. ఎలీదా చెప్తుంటే నేనే ముందు ముందు చెప్పేస్తున్నాను, ఏది చీలుతుందో ఏది చీలదో.

ఎవరు పెట్టారీ నియమం? ఎవరూ పెట్టలేదట. నోళ్ళు మాట్లాడీ మాట్లాడీ అరిగి ఇలా అయిందట, వెయ్యేళ్ళకు పైగా. మోసినచోట చీలింది, మోయనిచోట నిలిచింది. ఏ పండితుడూ కూర్చుని రాయకుండా ఇంత పెద్ద న్యాయం జనం నోట్లో దానంతటదే తయారైందంటే నాకు భయభక్తులు కలిగాయి. ఇన్నాళ్ళూ వ్యాకరణాన్ని నేను పిల్లలకు శిక్షగా వాడాను. సిగ్గేసింది కూడా.

ఎల్లాజీకి చెప్పాను. తాడు పేనుకుంటూ విన్నాడు. "మీద బరువు పడితే ఏదైనా సీలుతాది. దానికింత బడాయేటి?" అన్నాడు. ఆయనతో ఏం చెప్పుకున్నా ఇంతే.

నమోదు 14
ఇంకా తొమ్మిది రోజులు

పెట్టె దగ్గర నాకు ఇరవైకి పందొమ్మిది. ఎల్లాజీకి ఇరవైకి ఇరవై. ఆయన చెప్పాల్సినవి సాల్గొ, ఎంత్రొ రెండే కదా, అవి మన నోటికి సులువు. అయినా మీసం మెలేస్తున్నాడు.

ఒకటి గమనించాను. వంటశాల చివరినుంచి ఆయన గట్టిగా పిలిచి చెప్పినప్పుడు లోపలి బొమ్మ పడింది. దగ్గర కూర్చుని చెప్తే బయటి బొమ్మ పడింది. నాకు వెంటనే అర్థమైంది. పడవమీంచి ఒడ్డుకు కేకేసే మనిషి ఏ మాటకైనా చివర సాగదీస్తాడు. అలా సాగితేనే నీటిమీద మాట నడుస్తుంది. వాళ్ళ తాత, నాన్న, ఆయన, అందరిదీ ఆ గొంతే. అలా సాగదీస్తే ఎంత్రొ కాస్తా ఎంత్రో అవుతుంది. 'వస్తున్నాను' అనబోయి 'ఆయన వచ్చేశాడు' అన్నట్టవుతుంది.

"మావా, నువ్వు కేకెయ్యకూడదు" అన్నాను.

"టోపీలో నోటికాడే మైకు ఉంటాది గదే. ఎవుడికి కేకేత్తాను?"

నిజమే అనిపించి ఊరుకున్నాను. ఎలీదాకు చెప్పి ఉండాల్సింది. ఆ రోజు ఆవిడకు జ్వరం.

నమోదు 22
ఈ రోజే

తలుపులమ్మకు గొంతు పరిచయం చెయ్యడానికి ఒక్కొక్కరికి ఒక పూర్తి రోజు పట్టింది. ఎలీదా పక్కన ఉండి జామీను మాట చెప్పాలి. నాది అయింది, ఎల్లాజీది అయింది. మూడోవాడి దగ్గరికి వచ్చేసరికి ఆవిడకు గొంతు పెగల్లేదు. ఇకమీదట నేనూ ఎల్లాజీ కలిసి జామీను చెప్పి ఒక్కొక్కరినీ చేర్చవచ్చు. ముందు మేమిద్దరం గుమ్మం దగ్గర ఒకసారి పనిచేసి చూపాలి.

లిఫ్టు ఎక్కే ముందు ఆవిడ నాకు చివరగా ఒక సంగతి చెప్పింది. 'చెప్పు' అంటే ది. 'నాకు చెప్పు' అంటే దీమె. 'అది నాకు చెప్పు' అంటే దీమెలొ. ఒకటి అంటుకుంది, ఇంకొకటి అంటుకుంది, మాట మూడింతలైంది. బరువు మాత్రం మొదట ఎక్కడుందో అక్కడే ఉంది. కొత్తగా వచ్చినవాళ్ళు దాని చెయ్యి పట్టుకుని నడుస్తారంతే.

"ఇంకేటైనా ఉందా అక్కా, నాకు చెప్పాల్సింది?" అన్నాను.

"సానా ఉంది" అంది. ఆవిడ గొంతుతో నేను విన్న ఆఖరి మాట అదే. లిఫ్టు వెళ్ళాక వంటశాలలోకి వెళ్ళి ఏడ్చాను. తరవాత నాచు తిరగేశాను.

నమోదు 31

ఎలీదా తిరిగి వచ్చింది. మెడకు తెల్లటి కట్టు, మెడలో తాడుతో పలక. ఆవిడ లేకుండా ధైర్యం చాలక ఈ తొమ్మిది రోజులూ ఎవరూ బయటికి వెళ్ళలేదు. నిల్వ ఉన్న ఆలుచిప్పలు ఇంకా నాలుగు పూటలకు వస్తాయి. మాట్లాడబోయి నోరు తెరిచి మూసుకుంటోంది, అది చూడలేకపోతున్నాను. పలక మీద వంకర అక్షరాలతో రాసింది: "రేపు ఎవరు?"

"నానే" అన్నాడు ఎల్లాజీ.

నమోదు 32

ఇది చేతులు కుదుటపడ్డాక రాస్తున్నాను. టైములు గురయ్య గోడ మీద సుద్దతో వేసినవి.

9.10. ఎల్లాజీ గుమ్మం గదిలో నిలబడి "సాల్గొ" అన్నాడు. నీళ్ళు నిండాయి, బయటి రెక్క తెరుచుకుంది. మా వాళ్ళలో ఒకడి మాట తలుపులమ్మ వినడం అదే మొదటిసారి. గాజు ఇవతల అందరూ చప్పట్లు కొట్టారు. టోపీలో గాలి నలభై ఐదు నిమిషాలకు.

9.22. దగ్గరి మడి దాకా వెళ్ళి, ఒక తాడు కోసుకుని తిరిగి వచ్చాడు. గాజు లోంచి కనిపిస్తున్నాడు. నన్ను చూశాడు. వేట నుంచి వచ్చే పడవలోంచి ఒడ్డున ఉన్న పెళ్ళాన్ని చూసినట్టు చూశాడు. చెయ్యెత్తాడు, సంతోషం పట్టలేక కేకేశాడు.

"ఎంత్రోఓ."

తలుపు తెరుచుకోలేదు. గోడ మీద లోపలి బొమ్మ పడింది.

నేను కుర్చీలోంచి "ఎంత్ర" అన్నాను, ఆయన వస్తున్నాడు అని. తలుపులమ్మ ఎంతో మర్యాదగా జవాబిచ్చింది.

"యా ఎంత్రో."

ఆయన ఎప్పుడో వచ్చేశాడు.

మళ్ళీ అన్నాను. అదే జవాబు. బయట నిలబడ్డ మనిషి తనే 'ఆయన వచ్చేశాడు' అంటాడని కట్టినవాళ్ళెవరూ అనుకొని ఉండరు. తలుపులమ్మ లెక్కలో బయట ఎవరూ లేరు. ఎల్లాజీకి తప్పు తెలిసింది, ఈసారి మెల్లగా, చక్కగా "ఎంత్రొ" అన్నాడు. సాల్గొ అని కూడా అన్నాడు. తన లెక్కలో లోపల ఉన్న మనిషి గొంతు బయటి తీగ మీద వస్తే అది పట్టించుకోదు. సముద్రపు చప్పుడుతో సమానం.

9.30. గాజు పగలగొడదామని ఎవరో అన్నారు. పగిలితే అందరం పోతాం. ఆయన్ని పైకి తేలమందామంటే అంత లోతునుంచి ఒక్కసారిగా తేలినవాడు రక్తంలో బుడగలొచ్చి చస్తాడు. బయటికి వెళ్ళగలిగేది తలుపులమ్మకు తెలిసిన గొంతు. అలాంటిది మిగిలింది ఒక్కటే, నాది.

"నేను వెళ్తాను" అన్నాను. "గుమ్మం దగ్గర 'ఎంత్రొ' అని ఆయన్ని లోపలికి తోసేస్తాను."

"ఆ మాటకి ఒక్క మనిషే గదా దాటేది" అన్నాడు గురయ్య. "మరి నువ్వు? కుర్చీలో 'ఎంత్రో' అనేదెవరు?"

మడుల్లో పనిచేసే దానమ్మ తన దుస్తులు నాకు తొడుగుతూ ఏడుస్తోంది. "నీకు ఈత రాదు గదే" అంది. మా ఆయన సముద్రంలో పుట్టాడు, నాకు ఈత రాదు, నిజమే. నడిచే వెళ్తానన్నాను.

అప్పుడు ఎలీదా నా భుజం పట్టుకుని వెనక్కు తిప్పింది. పలక మీద తెలుగు అక్షరాలతో రాసింది. 'ఎంత్రామొస్'. రా మీద దీర్ఘం పలకంతా పొడుగు గీసింది. సుద్ద విరిగిపోయింది. నా గుండె మీద పిడికిలితో మూడుసార్లు కొట్టింది, మెల్లగా, గట్టిగా, మెల్లగా.

మేము వస్తున్నాం.

ఒక్క రెక్క కాదు, రెండు రెక్కలూ తెరుచుకుంటాయి. కట్టే రోజుల్లో పనివాళ్ళు గుంపుగా వచ్చేటప్పుడు అనే మాట అని ఎలీదా ఎప్పుడో పాఠంలో చెప్పింది, నేనే మరిచిపోయాను. మేము అంటే ఎంతమందో తలుపులమ్మకు తెలియదు కాబట్టి ఒకరు దాటగానే మూసుకోదు. మరి వచ్చేశామని ఎలా చెప్పాలి? అదే అడిగాను. ఎలీదా రాసినదాన్ని చెరపలేదు. దాని కిందే గీత గీసి, మళ్ళీ అదే మాటను వేలితో చూపింది.

నాకు అప్పుడు తెలిసింది. 'నేను వస్తున్నాను', 'ఆయన వచ్చాడు' అనే మాటలను ఒక్క బరువు విడదీస్తోంది. 'మేము' దగ్గర ఆ తేడాయే లేదు. 'మేము వస్తున్నాం', 'మేము వచ్చేశాం', రెండిటికీ ఒకే మాట. బరువు నట్టనడుమ ఉంది, కేకేసినా తప్పిపోదు.

9.41. "సాల్గొ" అన్నాను. నీళ్ళు కాళ్ళ దగ్గర మొదలై నడుముకు, మెడకు వచ్చాయి. చచ్చేంత భయం వేసింది, దాన్ని దాచుకునేది లేదు. రెక్క తెరుచుకుంది. నేను దాటగానే వెనక మూసుకుంది.

పన్నెండేళ్ళు గాజు ఇవతల నుంచి చూసిన సముద్రంలో నేను నిలబడి ఉన్నాను. మడుల మీద నాచు మనిషి ఎత్తు లేచి మెల్లగా ఊగుతోంది. పైనుంచి ఆకుపచ్చటి వెలుగు దిగుతోంది. ఎక్కడా ఒక్క మాట లేదు. ఇంత పెద్దదాని ముందు మనిషికి ఉన్నది నోట్లో ఒక అక్షరం. దాన్ని ఎక్కడ నొక్కాలో తెలిసి ఉండడమే బతుకు. నా ఊపిరి చప్పుడు నాకే వినపడుతుంటే ఇదంతా అనుకున్నాను.

ఎల్లాజీ గుమ్మానికి వీపు ఆనించి కూర్చుని ఉన్నాడు. గాలి తక్కువగా పీలుస్తున్నాడని తెలుస్తోంది. నన్ను చూసి లేవబోయాడు. టోపీకి టోపీ ఆనించి చెప్పాను.

"మావా, నువ్వు నోరు మెదపకు."

"ఎందుకొచ్చీసినావే నువ్వు?" గొంతులో బలం లేదు.

"నిన్ను నోరు మెదపొద్దన్నానా."

ఆయన చెయ్యి నా భుజం చుట్టూ వేసుకుని లేపాను. మనిషి రాయిలా ఉన్నాడు. ఇద్దరం తలుపుకు ఎదురుగా నిలబడ్డాం.

9.49. "ఎంత్రామొస్."

ఏమీ జరగలేదు. తలుపులమ్మ లెక్కలో బయట ఉన్నది నేనొక్కతినే. ఒక్కతి 'మేము' అంటోంది. ఏడు అంకెలు లెక్కపెట్టాను. దానికి కళ్ళు లేవు, ఉన్నది నా మాట. ఇందాక ఆయన మాట నమ్మే ఆయన్ని బయట వదిలేసింది, ఇప్పుడు నా మాటా నమ్మింది. రెండు రెక్కలూ తెరుచుకున్నాయి. అంత వెడల్పుగా ఆ గుమ్మాన్ని మేమెవరం ఎప్పుడూ చూడలేదు.

నడిచాం. ఆయన కాలు గడపకు తగిలి పడబోతే పట్టుకున్నాను. తలుపులు తెరుచుకునే ఉన్నాయి, సముద్రం మా వీపుల మీద ఉంది. గదిలో నేను నిలబడి, ఆయన్ని నా మీద నిలబెట్టుకుని, ఇందాక అన్న మాటే అన్నాను. ఒక్క అక్షరం మార్చలేదు, బరువు మార్చలేదు. బయట అన్నప్పుడు అది 'వస్తున్నాం'. ఇక్కడ అనేసరికి 'వచ్చేశాం' అయింది. మాట ఎక్కడిదక్కడే ఉంది. మారింది మేము నిలబడ్డ చోటు. ఆయనకు ఇంకొంచెం గాలి ఉంటే అక్కడే కూర్చుని ఆ వింతకు దణ్ణం పెట్టేదాన్ని.

9.53. రెక్కలు మూసుకున్నాయి. నీళ్ళు తల దిగాయి, మెడ దిగాయి, మోకాళ్ళు దిగాయి. ఎల్లాజీ టోపీ పీకి పారేశాను. ముఖం నీలంగా ఉంది. ఒక పెద్ద ఊపిరి పీల్చి, దగ్గి, తిట్టడానికి నోరు తెరిచాడు. తిట్టలేక నా చెయ్యి పట్టుకున్నాడు. ముప్పై ఏళ్ళలో నలుగురి ముందు ఆయన నా చెయ్యి పట్టుకోవడం ఇదే మొదలు.

లోపలి తలుపు తెరుచుకుంది. అందరికంటే ముందు ఎలీదా ఉంది. మా ఇద్దరినీ చూసి నోరు తెరిచింది. ఎంత్రారొన్, 'వాళ్ళు వచ్చేశారు' అనే మాట అది, మూడు అక్షరాలు. గొంతు లేదు, చప్పుడు లేదు. మొదటి అక్షరానికి పెదవులు కొంచెం కదిలాయి. రెండోదానికి గడ్డం కిందికి దిగింది, మెడ నరాలు కట్టు కింద లేచాయి, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మూడోది వచ్చి మెల్లగా వాలింది. బరువు ఏ అక్షరం మీద పడిందో నాకు కనిపించింది.